నల్ల చుక్క మసకగానే ఉండాలి



2024 జూలై 28. ఫ్రాన్స్‌లోని షాటోరూ రేంజ్‌లో పారిస్ ఒలింపిక్స్ మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్ జరుగుతోంది. ఇరవై రెండు షాట్లు ముగిసేసరికి మన మను భాకర్ మొత్తం 221.7. దక్షిణ కొరియా షూటర్ కిమ్ యేజీ మొత్తం 221.8. ఆ దశలో తక్కువ ఉన్నవాళ్లు పోటీ నుంచి తప్పుకోవాలి కాబట్టి మను కాంస్యంతో ఆగారు. ఒలింపిక్స్ షూటింగ్‌లో భారతీయ మహిళకు దక్కిన మొట్టమొదటి పతకం అది. ఆ పదో వంతు పాయింటును టార్గెట్ మీద కొలిస్తే 0.8 మిల్లీమీటరు. ఇరవై రెండు షాట్లలో ఏ ఒక్కటైనా కేంద్రానికి అంత దగ్గరగా జరిగి ఉంటే ఇద్దరూ సమానమయ్యేవారు.

పిస్టల్ షూటింగ్‌లో గురి అంటే ఇంత సన్నని వ్యవహారం. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డకొలత 11.5 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. దాన్ని పది మీటర్ల దూరం నుంచి, ఒంటిచేత్తో, మణికట్టుకు ఏ ఆసరా లేకుండా కొట్టాలి. అర్హత పోటీలో అరవై షాట్లు, డెబ్భై అయిదు నిమిషాలు. పిస్టల్ బరువు కిలోన్నర దాటకూడదు. అయితే కిలో బరువున్న వస్తువునైనా చేయి చాచి గంటసేపు మళ్లీ మళ్లీ లేపి చూడండి, భుజం ఏమంటుందో తెలుస్తుంది.

రేంజ్‌కి కొత్తగా వచ్చిన అమ్మాయినో అబ్బాయినో గమనిస్తే మొదటి రోజు అందరి కష్టమూ ఒకటే. చేయి చాచగానే పిస్టల్ కొస అటూ ఇటూ ఊగుతుంది. ఊగుడు ఆపాలని పిడికిలి బిగిస్తారు. బిగించేకొద్దీ వణుకు పెరుగుతుంది. ఊపిరి బిగబడతారు, కళ్లు చికిలిస్తారు. చివరికి పిస్టల్ కొస టార్గెట్ నడుమనున్న నల్ల చుక్క మీదుగా వెళ్తున్న క్షణాన్ని ఒడిసిపట్టాలని ట్రిగ్గర్‌ను గబుక్కున లాగేస్తారు. షాట్ ఎక్కడో కింద, ఎడమ వైపు పడుతుంది. కుడిచేతివాటం వాళ్లలో ఈ పొరపాటు ఎంత మామూలంటే, కాగితం మీద ఎడమ దిగువ మూలలో చిల్లులు చూడగానే ఏ కోచ్ అయినా వేలి తొందర అని చెప్పేస్తారు.

"చేయి ఊగితే ఊగనివ్వమ్మా. వేలిని మాత్రం తొందరపెట్టకు." కోచ్‌లు మొదటి నెలంతా చెప్పేది ఇదే. ఒలింపిక్ విజేత చేయి కూడా ఊగుతుంది. గుండె కొట్టుకుంటున్నంతసేపూ, కండరాలు పనిచేస్తున్నంతసేపూ ఊగకుండా ఉండటం ఎవరికీ సాధ్యం కాదు. ఏళ్ల సాధనతో ఆ ఊగుడు విస్తారం తగ్గుతుంది, అంతే. ఆ ఊగుడు సాగుతుండగానే, దాన్ని చెదరగొట్టకుండా ట్రిగ్గర్‌ను విడుదల చేయడమే అసలు విద్య.

ఇందులో నిజం ఎంతుందో చిన్న లెక్కతో తేలుతుంది. పిస్టల్‌కు వెనక ఒక గాడి, ముందు ఒక దిమ్మ ఉంటాయి. వాటినే రియర్ సైట్, ఫ్రంట్ సైట్ అంటారు. గాడి మధ్యలో దిమ్మ నిలబడాలి. రెండు పక్కలా వెలుతురు గీతలు సమానంగా కనిపించాలి, పైఅంచులు ఒకే మట్టంలో ఉండాలి. ఎయిర్ పిస్టల్‌లో ఈ రెండింటి మధ్య దూరం 33 సెంటీమీటర్లు అనుకుందాం. చేయంతా పిస్టల్‌తో కలిసి నేరుగా 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి. షాట్ కూడా టార్గెట్ మీద 5 మిల్లీమీటర్లే జరుగుతుంది. పది పదిగానే ఉంటుంది. అదే మణికట్టు కాస్త తిరిగి, ఫ్రంట్ సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు వెళ్లిందనుకోండి. పది మీటర్ల దూరం చేరేసరికి ఆ మిల్లీమీటరు ముప్ఫై మిల్లీమీటర్లవుతుంది. పది రావలసిన చోట ఏడు వస్తుంది. 25 మీటర్ల పిస్టల్‌లో సైట్ల మధ్య దూరం 22 సెంటీమీటర్లకు మించకూడదని నియమం. అక్కడ అదే మిల్లీమీటరు 11 సెంటీమీటర్ల పైమాటే.

కాబట్టి చేయి మొత్తంగా ఊగితే నష్టం స్వల్పం. సైట్లు ఒకదానికొకటి తప్పితేనే కొంప మునుగుతుంది. వేలి తొందర చేసేది సరిగ్గా ఆ పనే.

ఇక్కడే కంటి సంగతి వస్తుంది. మనిషి కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు. చేతి కొసన ఉన్న ఫ్రంట్ సైట్, పది మీటర్ల అవతలి నల్ల చుక్క, ఈ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. కొత్తవాళ్ల చూపు సహజంగా చుక్క మీదికి పరుగెడుతుంది, కొట్టవలసింది దాన్నే కదా అని. అనుభవమున్నవాళ్ల చూపు ఫ్రంట్ సైట్ పైఅంచు మీద నిలిచిపోతుంది. చుక్క వాళ్లకు మసక మసకగా, అంచులు చెదిరి కనిపిస్తుంది. అలా కనిపించడమే సరైన గుర్తు. చుక్క అంచులు స్పష్టంగా తెలుస్తున్నాయంటే సైట్ మసకబారిందన్న మాట. మిల్లీమీటరు తేడా వచ్చినా ఇక కంటికి తెలియదు.

చాలామంది ఎయిర్ పిస్టల్ షూటర్లు చుక్క నడిబొడ్డుకు గురిపెట్టకపోవడానికీ కారణం ఇదే. నల్ల దిమ్మ నల్ల చుక్కలో కలిసిపోతే దాని అంచు తెలియదు. అందుకే చుక్క కింద, తెల్లటి భాగంలో దిమ్మను నిలిపి, షాట్ మాత్రం కేంద్రంలో పడేలా సైట్లను సరిచేసుకుంటారు. ఆ తెల్లటి భాగంలో ఒక బిందువును పట్టుకుని వేలాడరు. కొద్దిపాటి మేర పెట్టుకుంటారు, ఆ మేరలో పిస్టల్ నెమ్మదిగా కదులుతున్నా ఒప్పుకుంటారు. రెండో కన్ను మూసుకుంటే ముఖ కండరాలు అలసిపోతాయి. కాబట్టి దాని ముందు చిన్న అడ్డు పెట్టుకుని రెండు కళ్లూ తెరిచే చూస్తారు. నలభై దాటినవాళ్లకు దగ్గరి చూపు మందగించి ఫ్రంట్ సైట్ తేటగా కనిపించదు. చేతి దూరానికి సరిపడే అద్దం పెట్టించుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

ట్రిగ్గర్ దగ్గర ఇంకాస్త ఆగాలి. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును ఆపగలగాలి. పోటీకి ముందు అధికారులు పిస్టల్‌ను నిలువుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కు అర కిలో తూకం తగిలించి పైకి లేపి చూస్తారు. ట్రిగ్గర్ జారకుండా తూకం లేవాలి. 25 మీటర్ల పిస్టల్‌కు ఈ తూకం కిలో. ఈ బరువును వేలు రెండు అంచెల్లో తీసుకుంటుంది. చేయి కిందికి దిగుతూ గురి మేరలోకి వచ్చేటప్పుడే మొదటి అంచె బరువు తీసేస్తుంది. సైట్లు కుదిరాక రెండో అంచె మీద ఒత్తిడి మెల్లమెల్లగా, ఆగకుండా పెరుగుతుంది. వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్‌కు ఆనాలి. ఒత్తిడి తిన్నగా వెనక్కే రావాలి, పక్కకు రాకూడదు. మిగిలిన వేళ్లు పట్టు మార్చకూడదు. వాటిలో ఏది బిగుసుకున్నా పిస్టల్ కొస కదులుతుంది. ఇప్పుడే పేలుతుందన్న కచ్చితమైన క్షణం షూటర్‌కు ముందుగా తెలియకపోతే మంచిది. తెలిస్తే శరీరం ఆ దెబ్బకు ముందే సిద్ధపడి చేతిని కిందికి నొక్కేస్తుంది.

25 మీటర్ల పోటీలో వాడే పాయింట్ 22 పిస్టల్‌తో మొదలుపెట్టినవాళ్లలో ఈ ఉలికిపాటు ఎక్కువ. చప్పుడూ వెనక తన్నూ ఉంటాయి కదా. దీన్ని పట్టుకోవడానికి కోచ్‌ల దగ్గర ఒక పాత ఉపాయం ఉంది. మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య ఒక ఉత్త తూటా కలిపి పెడతారు. ఎక్కడుందో షూటర్‌కు చెప్పరు. ఆ ఉత్త తూటా వంతు వచ్చినప్పుడు చప్పుడుండదు, తన్నూ ఉండదు, పిస్టల్ కొస మాత్రం చటుక్కున కిందికి వంగుతుంది. షూటర్ తన కళ్లతో తానే చూస్తారు. ఆ తర్వాత ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

నిలబడే తీరు మీద పుస్తకాల నిండా కొలతలున్నాయి గానీ, సారం కొద్దిగానే ఉంది. పాదాలు భుజాల వెడల్పున ఉంచాలి, బరువు రెండింటి మీదా సమంగా పడాలి, మోకాళ్లు బిగుసుకోకూడదు. ఖాళీ చేతిని జేబులోనో బెల్టులోనో ఉంచితే భుజం అటూ ఇటూ ఊగదు. మెడ పిస్టల్ వైపు సాగకూడదు. పిస్టలే కంటి మట్టానికి రావాలి. వీటన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడే పరీక్ష ఇంకొకటుంది. కళ్లు మూసుకుని, చేయి చాచి, రెండు మూడు ఊపిరులు తీసి, కళ్లు తెరవాలి. పిస్టల్ టార్గెట్‌కు కుడివైపు ఆగితే శరీరానికి సహజమైన దిక్కు అటే ఉందని అర్థం. అప్పుడు చేతిని బలవంతంగా ఎడమకు తిప్పకూడదు, వెనక పాదాన్ని కాస్త జరపాలి. మళ్లీ కళ్లు మూసి తెరవాలి. కండరాలు లాక్కోకుండానే పిస్టల్ టార్గెట్ మీదికి వచ్చేదాకా ఇలా సరిచేసుకోవాలి. ఈ పని చేయనివాళ్లు అరవై షాట్లలోనూ తమ భుజంతో తామే కుస్తీ పడుతుంటారు. రేంజ్‌లో అందరికన్నా ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యే మెళకువ ఇదే అనిపిస్తుంది.

పిస్టల్ పిడి కూడా చేతికి అమరాలి. పోటీ పిస్టళ్లకు ఎక్కువగా చెక్క పిడి ఉంటుంది. షూటర్లు దాన్ని ఆకురాయితో అరగదీసుకుంటారు, ఖాళీ ఉన్న చోట చెక్క పుట్టీ నింపుకుంటారు. పిస్టల్ ఎత్తిన ప్రతిసారీ చేయి అదే చోట కూర్చోవాలి, సైట్లు వాటంతటవే వరసలోకి రావాలి. అంతవరకు ఎన్నాళ్లు పట్టినా గీకుతూనే ఉంటారు.

ఊపిరి విషయం తేలిక. పిస్టల్ ఎత్తుతూ తీసుకున్న ఊపిరిని దించుతూ వదలాలి, కొంత మిగిలి ఉండగా సహజంగా ఆగాలి. ఆ విరామంలో షాట్ అయిపోవాలి. చేయి అన్నిటికన్నా నిలకడగా ఉండేది కొద్ది సెకన్లే. పది సెకన్లు దాటితే కన్ను అలసిపోతుంది, కండరం వణుకుతుంది, మనసు ఎలాగోలా ముగించెయ్యమంటుంది. అప్పుడు వేలు తీసేసి చేయి దించెయ్యాలి. దించెయ్యడానికి చాలా నిగ్రహం కావాలి. అంతసేపు పడ్డ శ్రమ వృథా పోతుందన్న బాధ ఉంటుంది. అయినా చేయి దించి మళ్లీ ఎత్తినవాళ్ల స్కోరే నిలబడుతుంది. షాట్ వెళ్లిపోయాక కూడా రెండు సెకన్లు సైట్లను అలాగే పట్టి చూడాలి. షాట్ ఎక్కడ పడి ఉంటుందో స్క్రీన్ చూడకుండా మనసులో చెప్పుకుని, తర్వాత సరిపోల్చుకోవాలి. ఈ అలవాటు పడితే తన తప్పు తనకే దొరుకుతుంది.

ఇంత నేర్చుకోవడానికి పెల్లెట్లు, అంటే ఎయిర్ పిస్టల్ గుళ్లు, అంతగా అవసరం లేదన్నది కొత్తవాళ్లకు నమ్మశక్యం కాని మాట. పెద్ద షూటర్ల సాధనలో గణనీయమైన భాగం డ్రై ఫైరింగే, అంటే ఉత్త పిస్టల్‌తో ట్రిగ్గర్ నొక్కడం. తెల్ల గోడ ముందు నిలబడి, చుక్క లేకుండా, ఫ్రంట్ సైట్‌నే చూస్తూ నొక్కుతారు. ట్రిగ్గర్ జారిన క్షణంలో సైట్ కదిలిందా లేదా అన్నదొక్కటే చూసుకుంటారు. ఎయిర్ పిస్టళ్లలో ఇందుకు ప్రత్యేకమైన అమరిక ఉంటుంది. పాయింట్ 22 పిస్టల్‌ను ఉత్తగా పేలిస్తే ఫైరింగ్ పిన్ దెబ్బతినే ప్రమాదముంది కాబట్టి అందులో ఉత్త తూటా పెట్టి సాధన చేయాలి. ఏ రకం పిస్టల్ అయినా ముందు ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి, వేలితో తడిమి, ఇంకోసారి చూడాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ దారి ఇక్కడ చెప్పుకోదగ్గది. తొమ్మిదేళ్ల వయసులో గచ్చిబౌలి రేంజ్‌లో షూటింగ్ చూసి ఇష్టపడ్డారు. తండ్రి సచిన్ సింగ్ మోటార్ ర్యాలీ డ్రైవర్. కూతురి సాధన కోసం ఇంట్లోనే కాగితం టార్గెట్లతో రేంజ్ ఏర్పాటు చేశారు. 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో పదమూడేళ్ల ఈషా, మను భాకర్, హీనా సిద్ధూ వంటి వారిని దాటి సీనియర్ ఎయిర్ పిస్టల్ టైటిల్ గెలిచారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు ఆమెవే. ఆ స్వర్ణం 25 మీటర్ల పిస్టల్ టీమ్ పోటీలో మను, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి తెచ్చినది. ఇంట్లో రేంజ్ అందరికీ సాధ్యం కాదు. ఇంట్లో తెల్ల గోడ లేనివాళ్లు మాత్రం ఉండరు.

సాధన ఫలితాన్ని చదవడం కూడా నేర్చుకోవాలి. ఒక షాట్ కుడికి పడగానే సైట్ స్క్రూ తిప్పేసేవాళ్లు రేంజ్‌లో చాలామంది కనిపిస్తారు. తర్వాతి షాట్ ఎడమకు పోతే వెనక్కి తిప్పుతారు. అరగంటకు సైట్ ఎక్కడుందో వాళ్లకే తెలియదు. అయిదో పదో షాట్లు కొట్టి, అవి ఒక గుంపుగా పడ్డాయో లేదో ముందు చూడాలి. గుంపు దగ్గర దగ్గరగా ఉండి కేంద్రానికి దూరమైతే సైట్ సరిచేయాలి. గుంపే చెల్లాచెదురుగా ఉంటే సైట్‌ను ముట్టుకోకూడదు. లోపం చేతిలోనో, వేలిలోనో, నిలబడే తీరులోనో ఉంది.

25 మీటర్ల పిస్టల్ రెండో భాగంలో కథ మారిపోతుంది. చేయి నలభై అయిదు డిగ్రీల కోణంలో కిందికి వంచి నిలబడాలి. టార్గెట్ ఏడు సెకన్లు దాక్కుంటుంది, మూడు సెకన్లు తెరుచుకుంటుంది. ఆ మూడు సెకన్లలో చేయి ఎత్తి ఒకే ఒక్క షాట్ కొట్టాలి. ఇక్కడ ట్రిగ్గర్ మొదటి అంచె చేయి లేస్తుండగానే పూర్తి కావాలి. టార్గెట్ చేరాక మొదలుపెడితే ఆలస్యమే. పారిస్‌లో ఎయిర్ పిస్టల్ రజతం గెలిచిన కిమ్ యేజీయే ఈ పోటీలో ఒక షాట్‌కు సమయం దాటిపోయి సున్నా తెచ్చుకున్నారు, ఫైనల్ చేరలేకపోయారు. మను అదే పోటీ అర్హత దశలో 600కు 590 కొట్టారు.

పరికరాల మీద మోజు గురించి ఒక మాట. పారిస్‌లోనే తుర్కియే షూటర్ యూసుఫ్ దికేచ్, యాభై దాటిన మనిషి, ప్రత్యేకమైన కంటి అద్దాలేవీ లేకుండా, జేబులో చేయి పెట్టుకుని నిలబడి మిక్స్‌డ్ టీమ్ రజతం గెలిచారు. అంతకన్నా గొప్ప ఉదాహరణ హంగరీ సైనికుడు కరోలీ టకాచ్. 1938లో చేతి బాంబు పేలి ఆయన కుడిచేయి దెబ్బతింది. పిస్టల్ పట్టే చేయి అదే. ఎడమచేత్తో మొదటి నుంచి నేర్చుకుని, 1948 లండన్‌లో, 1952 హెల్సింకీలో రాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణాలు గెలిచారు. అయితే పిస్టల్ నిర్వహణను తేలిగ్గా తీసుకోవాలని దీని అర్థం కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో మను పిస్టల్ అర్హత పోటీ మధ్యలో మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు గడిచిపోయాయి. 575తో పన్నెండో స్థానంలో ఆగారు. ఫైనల్‌కు 577 సరిపోయేది.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు చట్టం సంగతి కూడా తెలియాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల కొలతకు, 20 జౌళ్ల శక్తికి మించని ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ ఎయిర్ పిస్టళ్లు ఈ పరిమితికి చాలా లోపే ఉంటాయి. పాయింట్ 22 పిస్టల్‌కు లైసెన్సు తప్పనిసరి. ఏదైనా సరే, మంచి రేంజ్‌లో మొదటి పాఠం భద్రత. పిస్టల్ కొస ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, షాట్‌కు సిద్ధమయ్యేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. "స్టాప్" అన్న మాట వినగానే, వేలు సగం నొక్కి ఉన్నా ఆపెయ్యాలి. పిస్టల్ కింద పెట్టేటప్పుడు గొట్టం ఖాళీ అని చూపే రంగు దారం అందులో ఉండాలి. పెల్లెట్లలో సీసం ఉంటుంది కాబట్టి సాధన అయ్యాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

ఇవన్నీ వంటబట్టినా పోటీ రోజున గుండె వేగం పెరుగుతుంది, ఊగుడు విస్తరిస్తుంది. దానికి మందు లేదు. ప్రతి షాట్‌కూ ఒకే వరస పాటించడం ఒక్కటే ఆధారం. పిస్టల్ ఎత్తడం, ఊపిరి, సైట్, వేలు, చివర్న ఆ రెండు సెకన్ల నిలకడ, ఇదే క్రమం ప్రతిసారీ రావాలి. పారిస్‌లో 2024 జూలై 27న సరబ్‌జోత్ సింగ్ ఎయిర్ పిస్టల్ అర్హతలో 577 కొట్టారు. ఎనిమిదో స్థానంలోని జర్మనీ షూటర్ రాబిన్ వాల్టర్‌దీ 577 పాయింట్లే. పది వలయం లోపల 5 మిల్లీమీటర్ల చిన్న వలయం ఇంకొకటి ఉంటుంది. దాన్ని తాకిన షాట్లు వాల్టర్‌కు పదిహేడు, సరబ్‌జోత్‌కు పదహారు. ఆ ఒక్కదాంతో తొమ్మిదో స్థానం, ఫైనల్ లేదు. మూడు రోజులకు, జూలై 30న, అదే రేంజ్‌లో మను పక్కన నిలబడి అదే వరసలో పిస్టల్ ఎత్తారు. మిక్స్‌డ్ టీమ్ కాంస్య పోరులో ఇద్దరూ కలిసి దక్షిణ కొరియా జంటను 16-10తో ఓడించారు.